పూడిమడక తిమింగలం వార్తకు సవరణ

2003 డిసెంబరు 10, బుధవారం ఉదయం ఆరు గంటలకు అనకాపల్లి ఇళ్లకు చేరిన మా పేపర్లో, జిల్లా అనుబంధం మూడో పేజీలో, కింద ఎడమవైపు రెండు కాలమ్‌ల వార్త ఒకటి అబద్ధం. అది రాసింది నేను.

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ దేవప్రసాద్ గారికి, ఈ సాయంత్రం పదవీ విరమణ చేస్తున్న మన జంతుశాస్త్ర లెక్చరర్ ఆరోగ్యమేరి మేడమ్‌కి, వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న పాత విద్యార్థులకు, రెండో వరసలో ఫ్యాను కింద కూర్చున్న పూడిమడక ఎర్రయ్య గారికి, వారి భార్య నూకరత్నం గారికి నమస్కారం. నమస్కారాలు ముందు చెప్పి విషయం తర్వాత చెప్పడం సభామర్యాద అని నాకూ తెలుసు. కానీ ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాలని ముప్పై రెండేళ్లుగా కొత్తవాళ్లకు చెబుతూ వచ్చినవాణ్ని, ఈ ఒక్క సంగతి దగ్గర ఆ పని చెయ్యలేదు. ఆరేళ్లకు నలభై రోజులు తక్కువగా వాయిదా వేశాను. ఈ రోజు కూడా నమస్కారాల తర్వాత అనుకుంటే, పూలదండ తర్వాత అనుకుంటాను, ఫలహారం తర్వాత అనుకుంటాను, ఇంటికి వెళ్లిపోతాను. అందుకని ముందే చెప్పేశాను.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచినప్పుడు, "మేడమ్ గురించి పది మంచి మాటలు చెప్పండి సన్యాసిరావు గారూ, ఎలాగూ రేపు పేపర్లో వెయ్యాల్సింది మీరే కదా" అన్నారు. (నవ్వులు.) వేస్తాను సార్. రేపు మీరు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

మీ అందరి చేతుల్లో ఆహ్వానపత్రం ఉంది. అందులో మేడమ్ పేరు ముందు 'డాక్టర్' అని అచ్చు వేసి, దాన్ని నీలం పెన్నుతో కొట్టేసి ఉంటుంది. కమిటీవాళ్లు గౌరవంగా ఉంటుందని వేయించారు. మేడమ్ చూసి, "నాకు లేనిది నా పేరు ముందు పెట్టకండి" అని పట్టుబట్టి రెండు వందల కార్డుల మీద కొట్టించారట. కొట్టేసిన పిల్లలు వేళ్లు నొప్పెట్టాయని ఇందాక వరండాలో చెప్పుకుని నవ్వుతున్నారు. నేను కూడా నవ్వాను. కానీ ఆ మాట ఆవిడ పేరు ముందు ఎందుకు లేదో ఈ హాల్లో నలుగురికే తెలుసు. వారిలో ఒకణ్ని నేను.

పాత విద్యార్థులకు కొండకర్ల ఆవ ట్రిప్పు గుర్తుండే ఉంటుంది. ఏటా శీతాకాలంలో మేడమ్ మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, తాటిదోనెల్లో ఎక్కించి, పక్షుల లెక్క రాయించేవారు. ఒకసారి వార్త కోసం నేనూ వచ్చాను. పదకొండు రకాలు చూశామని ఒక కుర్రాడు రికార్డు చూపిస్తే మేడమ్, "పదకొండూ నువ్వు చూశావా, పక్కవాడు చూస్తే నువ్వు రాశావా?" అని అడిగారు. ఆ కుర్రాడు, "దోనె ఊగిపోతోంది మేడమ్, నేను కళ్లు మూసుకున్నాను" అన్నాడు. (నవ్వులు.) ఆవిడ ఆ పేజీ చింపి చేతికిచ్చి, "అయితే కళ్లు మూసుకున్నాను అని రాయి. అది నిజం, దానికి మార్కులు వేస్తాను" అన్నారు. ఆ కుర్రాడు ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ చూస్తున్నాడట. చెయ్యెత్తాడు చూడండి, నాలుగో వరసలో. నేను ఆ సంఘటన రాసి వేశాను, చదివినవాళ్లు బాగుందన్నారు. అది జరిగిన ఏడాదికే నేను చూడనిది చూసినట్టు రాశాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది, బయటివాళ్లకు తెలియదు. అనకాపల్లిలో అప్పట్లో నాలుగు పేపర్లకు నలుగురం ఉండేవాళ్లం. రోజుకు పది ఊళ్ల నుంచి కబురు వస్తుంది, నలుగురూ పది ఊళ్లు తిరగలేరు. అందుకని వంతు పెట్టుకున్నాం. ఎవరి వంతు వస్తే వాడు స్పాట్‌కి వెళ్తాడు, వచ్చి మిగతా ముగ్గురికీ చెబుతాడు, నలుగురూ తలొక రకంగా రాస్తారు. మర్నాడు నాలుగు పేపర్లలో ఒకే సంగతి చూసి పాఠకుడు, నలుగురూ రాశారంటే నిజమే అయ్యుంటుందనుకుంటాడు. నిజానికి చూసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ వెళ్లకపోతే చూసినవాడు ఎవడూ లేడు.

డిసెంబరు 9, మంగళవారం నా వంతు. పొద్దున్న పూడిమడక ఒడ్డుకు చచ్చిన తిమింగలం కొట్టుకొచ్చిందని కబురు. ఇక్కణ్నుంచి ముప్పై కిలోమీటర్లు. స్కూటర్లో పెట్రోలు ఉంది, వర్షం లేదు, ఒంట్లో బాగానే ఉంది. నేను వెళ్లకపోవడానికి కారణం, ఆ రోజు పన్నెండున్నరకు బెల్లం వర్తకుల ప్రెస్ మీట్ ఉంది. ప్రెస్ మీట్ తర్వాత భోజనం ఉంది. (నవ్వులు.) నవ్వండి. నేనైతే ఈ కారణాన్ని ఇన్నేళ్లలో మా ఇంట్లో కూడా చెప్పలేదు.

పూడిమడక రేవు దగ్గర రాములు అని ఒకాయన టీ కొట్టు, దానికి ఆనుకుని ఎస్టీడీ బూత్ నడిపేవాడు. పదకొండింటికి అతనికి ఫోన్ చేశాను. ఆ మాటలు నా నోట్‌బుక్‌లో ఉన్నాయి, చూసి చెబుతున్నాను.

"తిమింగలం ఎంతుంటుంది రాములూ?"

"ఏటి సెప్పను బాబూ, ఆర్టీసీ బస్సుకి ఇంకో నాలుగడుగులు అతికించినట్టుంది."

"ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎర్రయ్య కత్తట్టుకుని రెక్క కాడ ముక్క కోసేడు. ఆ ముక్క కేరేజీలో ఎట్టి ఆటో ఎక్కించేత్తన్నారు."

"ఎక్కడికి?"

"అనకాపల్లికే అనుకుంటన్నాను. జనం అడ్డంగా ఉన్నారు, నాకేటి కనపడతాది? నువ్వొచ్చి సూడరాదేటి?"

"వస్తున్నాను, టీ పెట్టి ఉంచు" అన్నాను.

రాములు చెప్పినదాంట్లో ప్రతి మాటా నిజం. ఎర్రయ్య కోశాడు, క్యారేజీలో పెట్టారు, ఆటో అనకాపల్లికే వచ్చింది. వీటికి నేను ఒక్క మాట కలిపాను. 'అమ్మకానికి'. రక్షిత జంతువైన తిమింగలం మాంసాన్ని మత్స్యకారుడు ఎర్రయ్య అమ్మకానికి కోసి తరలించాడు, అని రాశాను. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. కోసిన ముక్క ఆటో ఎక్కితే ఇంకెందుకు అనుకున్నాను. వార్త పైన 'పూడిమడక, డిసెంబరు 9' అని వేశాను. వార్త మొదట్లో ఊరి పేరు ఉంటే విలేకరి ఆ ఊళ్లో నిలబడి చూశాడని అర్థం. నేను వర్తక సంఘం హాల్లో విస్తరి ముందు ఉన్నాను. మిగతా ముగ్గురికీ అదే చెప్పాను, ముగ్గురూ అదే రాశారు.

ఇంకొకటి ఉంది. ఫొటో. మా ఫొటోగ్రాఫర్ తాతబ్బాయి, అదిగో, ఆ స్తంభం దగ్గర కెమెరాతో ఉన్నాడు, అతను మాత్రం మోపెడ్ వేసుకుని వెళ్లి ఫొటో తెచ్చాడు. అందులో తిమింగలం పక్కన కత్తితో ఎర్రయ్య, ఆయన పక్కన గొడుగు వేసుకుని, నీడలో మొహం సరిగా ఆనకుండా, చేతిలో స్టీలు క్యారేజీతో ఒక ఆవిడ ఉన్నారు.

"బావా, ఈవిణ్ని ఉంచేదా, కోసేదా?" అన్నాడు.

"ఎవరావిడ?"

"నాకేటి తెలుసు. ఫొటో తియ్యడం నా పని, అడగడం నీ పని."

"రెండు కాలమ్స్‌లో పట్టదు, కోసెయ్" అన్నాను.

మర్నాడు ఫొటోలో తిమింగలం, కత్తి, ఎర్రయ్య మిగిలారు. తాతబ్బాయీ, ఇవాళ మాత్రం ఎవర్నీ కొయ్యకు. (నవ్వులు. మేడమ్ కూడా నవ్వారు.)

ఆ గొడుగు మేడమ్‌ది.

ఆ రోజు ఒడ్డున ఏం జరిగిందో ఈ మధ్యనే, పది రోజుల కింద, మేడమ్‌నీ ఎర్రయ్య గారినీ విడివిడిగా అడిగి రాసుకున్నాను. ఇద్దరూ చెప్పింది కలిసింది. మేడమ్ అప్పటికి రెండేళ్లుగా పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ పరిశోధన చేస్తున్నారు. ఎక్కడైనా తిమింగలం కొట్టుకొస్తే చిన్న ముక్క తీసుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి ముందే సంపాదించి పెట్టుకున్నారు. కబురు అందగానే, ముక్క చెడకుండా కాలేజీ ల్యాబ్‌లో స్పిరిట్‌ని ఇంట్లో అన్నం క్యారేజీలో పోసుకుని, అనుమతి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బస్సెక్కారు. ఒడ్డున దిగి, పదునైన కత్తి ఎవరి దగ్గర ఉందని అడిగితే ఎర్రయ్య గారు ముందుకొచ్చారు. అక్కడ కొయ్యండి అని ఆవిడ చూపిస్తే, మొలలోతు నీళ్లలో నిలబడి, కండువా ముక్కుకి కట్టుకుని కోశారు. కోస్తూ ఊరుకోలేదు, అడుగుతూనే ఉన్నారట.

"ఇది సేప కాదంటారేటమ్మా?"

"కాదు. పిల్లకి పాలిస్తుంది. మన లాగే ఊపిరి పీలుస్తుంది."

"మరి కాళ్లేవి?"

"ఒకప్పుడు ఉండేవి. ఐదు కోట్ల ఏళ్ల కింద దీని పూర్వీకులు నేల మీద నడిచాయి. ఇప్పటికీ కడుపులో పిల్లగా ఉన్నప్పుడు వెనక కాళ్లకి మొగ్గలు వేస్తాయి, కొన్నాళ్లకి ఆగిపోతాయి. తుంటి ఎముక చిన్న ముక్క మాంసంలో మిగిలి ఉంటుంది."

"నేల మీద దీనికి సుట్టాలున్నారేటి ఇంకా?"

"ఉన్నారు. అందరికంటే దగ్గర హిప్పో. జూలో చూశారా?"

"నోరు తెరుసుకుని బురదలో తొంగుంటాది, అదా? మూతి సూత్తే నిజమేననిపిత్తంది." (నవ్వులు.)

చచ్చి ఎన్ని రోజులైందో, కంపు భరించలేక అక్కడి జనం దూరం జరిగారట. అప్పుడు మేడమ్ చెప్పారు, తన పరిశోధన వాసన గురించేనని. ఎర్రయ్య గారు, "మాకు ముక్కు బద్దలైపోతంది, దీనికి వాసనే తెల్దా?" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు ఈ పది రోజుల్లో గవరపాలెంలో మేడమ్ ఇంటి వరండాలో కూర్చుని నేర్చుకున్నాను. నాకు అర్థమైనంత చెబుతాను. తప్పుంటే మేడమ్ ఇక్కడే ఉన్నారు, ఈసారి సవరణ వెంటనే వస్తుంది. (నవ్వులు.)

నేల మీద తిరిగే జంతువుకు వాసన పట్టడానికి వందలకొద్దీ జన్యువులు ఉంటాయి. మేత ఎక్కడుంది, పులి ఎటునుంచి వస్తోంది అన్నది అది గాలిలో వాసనను బట్టే తెలుసుకుంటుంది. తిమింగలం పూర్వీకులు నీళ్లలోకి దిగాక ఆ ముక్కుతో పని తగ్గింది. అయితే ఆ జన్యువులు మాయమైపోలేదు. చెడిపోయి ఉన్నాయి. మధ్యలో ఒక అక్షరం ఊడిపోయో, ఎక్కడిదో ముక్క వచ్చి దూరో, అక్కణ్నుంచి అర్థం లేకుండా పోయి, అలాగే తల్లి నుంచి పిల్లకి వస్తున్నాయి. డాల్ఫిన్లలో ఇలా జరిగిందని అప్పటికే బయటి దేశాల్లో కనిపెట్టారు. కానీ డాల్ఫిన్‌కి పళ్లుంటాయి. పళ్లకు బదులు నోట్లో జల్లెడ లాంటిది ఉండే పెద్ద తిమింగలాలు వేరే శాఖ. వాటిలో ఈ జన్యువులు ఎన్ని చెడ్డాయి, ఎన్ని మిగిలాయి అన్నది అప్పటికి ఎవరూ సరిగా చెప్పలేదు. పూడిమడకకు కొట్టుకొచ్చింది అలాంటి జల్లెడ తిమింగలం. మేడమ్ వేసిన ప్రశ్న అదే. జవాబు ఆ క్యారేజీలో ఉంది.

తిమింగలంలో అన్నీ పోయినవే కావు. లోపలికి మునిగినప్పుడు ప్రాణవాయువు దాచుకోవడానికి దాని కండరాలు ఎలా మారాయో కూడా మేడమ్ గంటసేపు చెప్పారు, నోట్‌బుక్‌లో ఉంది. పోయినవాటి గురించే ఇక్కడ మాట్లాడుతున్నానంటే కారణం నాది. నేను ఆవిణ్ని ఒక మాట అడిగాను. "చెడిపోయిన జన్యువు ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా నిలిచింది మేడమ్? ఎప్పుడో తీసెయ్యాలి కదా?" ఆవిడ, పిల్లలకి చెప్పినట్టే చెప్పారు. "పొరపాట్లు ప్రతి తరంలోనూ దొర్లుతాయి. నేల మీద వాసన తెలియని జంతువు బతకదు కాబట్టి ఆ పొరపాటు దానితోనే పోతుంది. నీళ్లలో దానివల్ల నష్టం లేదు. దాని గురించి అడిగేవాళ్లు ఎవరూ లేరు. అందుకని ఉండిపోతుంది" అన్నారు.

నేను నోట్‌బుక్ మూసి, మంచినీళ్లు అడిగి తాగాను.

ఇప్పుడు డిసెంబరు 10కి వెళ్దాం. పొద్దున్న ఏడింటికి రాములు పేపరు తెరిచి టీ కొట్టు దగ్గర గట్టిగా చదివాడు. తొమ్మిదింటికి జీపు వచ్చింది. ఎర్రయ్య గారిని తీసుకెళ్లారు, మూడు రోజులు ఉంచారు. అదే రోజు కాలేజీకి వచ్చి క్యారేజీని కేసు సాక్ష్యంగా తీసుకెళ్లారు. మేడమ్ అనుమతి కాగితం చూపిస్తే, "నాలుగు పేపర్లూ రాశాయి కదమ్మా, మేమేం చెయ్యం" అన్నారట. ఏ ఆఫీసో నేను చెప్పను. తప్పు అక్కడ మొదలవలేదు. జాబితా రాయడానికి అక్కడ క్యారేజీ మూత తీశారు. తిరిగి పెట్టినప్పుడు బిగించలేదు. స్పిరిట్ ఆవిరైపోయింది. క్యారేజీ మేడమ్‌కి తిరిగి వచ్చేసరికి అడుగున గోరంత నల్లటి పెచ్చు ఉంది. దాన్నుంచి ఏమీ రాదు. ఇంకో తిమింగలం వస్తుందని ఆవిడ చూశారు, ఆవిడకు ఉన్న గడువులోగా రాలేదు. 2005లో పరిశోధన రిజిస్ట్రేషన్ రద్దయింది. 2007లో వేరే దేశం వాళ్లు అదే ప్రశ్న మింకీ అనే జల్లెడ తిమింగలం మీద వేసి జవాబు ప్రచురించారు. వాసన జన్యువులు సగానికి పైగా చెడ్డాయి, కొన్ని మిగిలాయి అని. ఆ పత్రం ప్రింటు తీసి మేడమ్ తన క్లాసులో పాఠం చెప్పారు. ఆ రోజు క్లాసులో ఉన్నవాళ్లు ఈ హాల్లో ఉంటారు. ఆవిడ మీకు ఆ పాఠమే చెప్పి ఉంటారు, ఇది చెప్పి ఉండరు.

ఎర్రయ్య గారి కేసు రెండేళ్ల మూడు నెలలు నడిచింది. కోర్టు రికార్డు చూసి చెబుతున్నాను, పంతొమ్మిది వాయిదాలు. అందులో పదిహేడింటికి మేడమ్ వెళ్లారు. రెండుసార్లు పరీక్షల డ్యూటీ పడింది. మొదటి వాయిదా నాడు కోర్టు మెట్ల మీద నూకరత్నం గారు మేడమ్‌ని పట్టుకుని, "ఓ సదువుకున్నమ్మా, కుళ్లిపోయిన ముక్క కోసం నా పెనిమిటిని జీపెక్కించేసేవు కదే" అని మొదలుపెట్టి, మధ్యాహ్నం దాకా తిట్టారట. నూకరత్నం గారు ఇప్పుడు కొంగుతో మొహం కప్పుకుంటున్నారు. మీరు సిగ్గుపడకండమ్మా. ఆ తిట్లన్నీ నావి. మేడమ్ ఊరికే మోశారు.

2006 మార్చిలో తీర్పు వచ్చింది. అనుమతి ఉంది, నేరం లేదు, కేసు కొట్టేశారు. ఆ రోజు కోర్టు వార్తల్లో సైకిల్ దొంగకు పడిన శిక్ష వేశాం. ఎర్రయ్య గారిది వెయ్యలేదు.

నాకు తెలియక కాదు. వార్త వచ్చిన మర్నాడే, డిసెంబరు 11న, మేడమ్ అనుమతి కాగితం జెరాక్సు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. టీ తెప్పించాను. "తప్పకుండా సవరణ వేద్దాం మేడమ్" అన్నాను. వారం తర్వాత మళ్లీ వచ్చారు, మళ్లీ టీ. మూడోసారి వచ్చినప్పుడు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, ఇంకెప్పుడూ రాలేదు. మా నలుగురి మధ్య ఒక ఒప్పందం ఉండేది. వంతు వార్తకు ఎవరూ సవరణ వెయ్యకూడదు. ఒకరు వేస్తే మిగతా ముగ్గురూ ఎక్కడ చూశారని అడుగుతారు కాబట్టి. ఆ ఒప్పందం పెట్టింది నేనే. ఆ ఏడాది ఒక క్లబ్బువారు నాకు ఉత్తమ విలేకరి జ్ఞాపిక కూడా ఇచ్చారు. వాళ్లు చదివిన నా మంచి వార్తల జాబితాలో తిమింగలం వార్త ఐదోది.

ఆ తర్వాత ఈ కాలేజీకి ఎన్నిసార్లు వచ్చానో లెక్క లేదు. ఫలితాలు, వార్షికోత్సవాలు, రక్తదాన శిబిరాలు. ప్రతిసారీ మేడమ్ ఎదురుపడి, "బాగున్నారా సన్యాసిరావు గారూ" అనేవారు. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ని, పని తేలికయ్యేది.

మరి ఇప్పుడెందుకు అని మీకు అనిపిస్తుంది. నాకు హఠాత్తుగా బుద్ధి పుట్టి కాదు. అక్టోబరు 20న పూడిమడక మత్స్యకారుల సంఘం ఎన్నికల వార్త కోసం ఆ ఊరు వెళ్లాను. ఇప్పుడు అచ్యుతాపురం దాకా కంపెనీ బస్సులు వరసకట్టి తిరుగుతున్నాయి, వెళ్లడం ఎంతసేపు. ఆరేళ్లలో ఆ రేవు మీద కాలు పెట్టడం అదే మొదలు. సంఘం అధ్యక్ష పదవికి ఎర్రయ్య గారు నిలబడ్డారు. వలల షెడ్డు గోడ మీద అవతలి పక్షంవాళ్లు ఒక కాగితం అతికించారు. అది 2003 నాటి నా వార్త, పెద్దది చేసి తీసిన జెరాక్సు. ఇలాంటివాడి చేతికి సంఘం తాళాలు ఇస్తారా అని కింద స్కెచ్ పెన్నుతో రాశారు.

నేనెవరో చెప్పుకుంటే రాములు నన్ను కిందికీ పైకీ చూశాడు. బూత్ పోయింది గానీ టీ కొట్టు ఉంది. "వత్తన్నానని ఫోన్లో సెప్పేవు కదా బాబూ, టీ ఎట్టి ఉంచేను. సల్లారిపోయింది" అన్నాడు. (ఎవరూ నవ్వలేదు.)

అప్పుడే నూకరత్నం గారు వచ్చారు. "నువ్వేనేటి రాసినోడివి? సదువు. గట్టిగా సదువు. నాకు సదువు రాదు. ఆ రోజు రాములు సదివితే విన్నాను, రాసినోడి నోటంట ఇంకా వినలేదు" అన్నారు. చుట్టూ ఇరవై మంది చేరారు. చదివాను. 'అమ్మకానికి' అన్నచోట ఆవిడ ఆపారు.

"ఎవులికి అమ్మేడు?"

"తెలీదమ్మా."

"ఎవులు సెప్పేరు నీకు అమ్మేడని?"

"ఎవరూ చెప్పలేదు."

"మరలాగయితే నువ్వెందుకు రాసేవు?"

ముప్పై రెండేళ్లలో నేను కొన్ని వేలమందిని ప్రశ్నలు అడిగాను. వాటిలో దేనికీ ఇంత సూటితనం లేదు. జవాబు బెల్లం వర్తకుల భోజనం. ఆవిడ ముందు ఆ మాట నోటికి రాలేదు. ఈ సభలో చెప్పానమ్మా, విన్నారు కదా.

ఆ సాయంత్రమే మేడమ్ ఇంటికి వెళ్లాను. వరండాలో నిలబడి, మనసులో భారం దించుకోవాలని వచ్చానన్నాను. ఆవిడ, "పాపసంకీర్తనం ఫాదర్ దగ్గర చేస్తాం సన్యాసిరావు గారూ. మీ దగ్గర నాకు కావలసింది సవరణ. నాకోసం కాదు, ఎర్రయ్యకి ఎన్నిక ఉంది" అన్నారు. తర్వాత, "తిమింగలం ముక్కు ఇంక బాగుపడదు. పేపర్లో అయితే రేపే వెయ్యొచ్చు కదా" అన్నారు. అప్పుడు కూర్చోమన్నారు. అప్పుడు మొదలైంది నా పాఠం.

మా డెస్క్‌కి ఫోన్ చేస్తే ఇన్‌ఛార్జి, "ఆరేళ్ల కిందటి వార్తకి సవరణా? ఎవరడిగారండీ ఇప్పుడు?" అన్నారు. "నూకరత్నం గారు అడిగారు" అన్నాను. ఆ మాటతో ఆయన ఒప్పుకోలేదు. కోర్టు తీర్పు నకలు, అనుమతి కాగితం, నా సంతకంతో ఉత్తరం, మూడూ పంపాక నిన్న ఒప్పుకున్నారు. మా వంతు జట్టులో మిగతా ముగ్గురికీ చెప్పాను. ఒకరు ఈ పని మానేశారు. ఒకరు తానూ వేస్తానన్నారు. ఒకరు, "నీ వంతు నువ్వు సూసుకో మామా, మమ్మల్ని లాగకు" అన్నారు. ఆయన పేరు చెప్పను. ఆరేళ్లు నేను చేసింది కూడా అదే.

కమిటీవారు నా చేతికి శాలువా ఇచ్చి మేడమ్‌కి కప్పమన్నారు. ఆ అర్హత నాకు లేదు. శాలువా ఎర్రయ్య గారు కప్పుతారు. రండి ఎర్రయ్య గారూ, పైకి రండి. నూకరత్నం గారూ, మీరు కూడా. నా వంతుగా ఈ ఫొటో తెచ్చాను. తాతబ్బాయి దగ్గర ఆ నెగెటివ్ ఉంది, పారెయ్యలేదు. కొయ్యకుండా మొత్తం పెద్దది చేయించాను. తిమింగలం ఉంది, కత్తితో ఎర్రయ్య గారున్నారు, గొడుగుతో, క్యారేజీతో మేడమ్ ఉన్నారు. ఇద్దరూ తిమింగలం మూతి వంక చూస్తున్నారు. బహుశా హిప్పో మాట అప్పుడే వచ్చి ఉంటుంది.

మేడమ్, మీకు రావలసిన డిగ్రీని నేను తిరిగి తేలేను. ఆ క్యారేజీలో ఉన్నది ఏమిటో ఇక ఎవరికీ తెలియదు. ఇంతకంటే చెబితే అలంకారం అవుతుంది. ముప్పై మూడేళ్లు ఈ ఊరి పిల్లలకు, చూసిందే రాయమని చెప్పినందుకు, నేను చూడనిది రాశాక కూడా నన్ను ఎదురుపడి పలకరించినందుకు కృతజ్ఞతలు. ఈ మైకు ఇచ్చిన ప్రిన్సిపాల్ గారికి, ఇంతసేపు విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నన్ను ఇక సెలవు తీసుకోనివ్వండి, రేపటి పని ఉంది.

రేపు నవంబరు ఒకటి, ఆదివారం. జిల్లా అనుబంధం మూడో పేజీలో, కింద ఎడమవైపు, అదే చోట సవరణ వస్తుంది. ఈసారి మూడు కాలమ్‌లు, ఫొటో మొత్తం పడుతుంది. మేడమ్ పొద్దున్న చర్చిలో పూజకు వెళ్లాలి కాబట్టి రారు. ఏడింటికి రాములు టీ కొట్టు దగ్గర నేను దాన్ని గట్టిగా చదువుతాను, నూకరత్నం గారు పక్కన నిలబడి వింటారు. ఎనిమిదింటికి సంఘం పోలింగ్ మొదలు. పేపరు కట్ట ఇక్కడ ఐదింటికి దిగుతుంది. పూడిమడక మొదటి బస్సు ఐదూ నలభైకి.